దాలమ్మ మూసేసిన అరుగు

పలాస జీడికార్మికుల సంఘం హాలునిండా ఉన్న ఆడవాళ్ళందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయారు.

'మీ సర్వర్‌ను ఎంచుకోండి' అని అడుగుతోంది ప్రతి ఫోనూ. దాని కింద పొడుగాటి జాబితా. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు పోనివ్వదు. ఏది నొక్కాలో చెప్పదు. ఒకావిడ ఫోన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకొకావిడ పక్కావిడ ఏం నొక్కుతోందోనని తొంగి చూసింది. ఆ పక్కావిడ అప్పటికే ఈవిడ ఫోన్లోకి తొంగి చూస్తోంది.

గోడకు ఆనుకుని నిలబడ్డ డాక్టర్ హిరణ్మయి నోరు నొక్కుకుని ఊరుకుంది. సాయం చెయ్యకూడదు. అదే ప్రయోగం. ఇంజనీరు పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎలాంటి సాఫ్ట్‌వేర్ అయినా నడుస్తుంది. ఇంజనీరు ఇంటికి వెళ్ళిపోయాక నడుస్తుందా లేదా అన్నదే తేలాలి.

నడవలేదు. ముందు వరసలో కూర్చున్న కొర్రాయి దాలమ్మ ఫోన్ను కుర్చీలో పడేసి లేచి నిలబడింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్ళ చివర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"ఇదేటమ్మా ఇది? ఊరు కాని ఊళ్ళో బస్టాండులో దింపేసి, ఏ బస్సెక్కుతావని అడిగితే ఏటి సెప్తాం? నాకు మా ఇంటికెల్లే దారొకటే తెలుసు. నానెల్తన్నాను."

కొంగు దోపుకుని గుమ్మం దాటేసింది. ఆవిడ వెనక తవిటమ్మ లేచింది. తవిటమ్మ వెనక ఆ వరసంతా లేచింది. చూస్తూ ఉండగానే హాలు ఖాళీ అయింది. కుర్చీల్లో ఫోన్లు మాత్రం వెలుగుతూ, 'మీ సర్వర్‌ను ఎంచుకోండి' అని ఎవరూ లేనిచోట అడుగుతూ ఉండిపోయాయి.

హిరణ్మయి పలాస ఎందుకొచ్చిందో ఇక్కడ చెప్పాలి.

ఆ రోజుల్లో దేశంలో మనుషులు మాట్లాడుకోవడానికి మిగిలిన చోటు ఒక్కటే. దాని పేరు 'ఏకం'. ఒకప్పుడు అలాంటివి చాలా ఉండేవి. ఒకదాన్నొకటి కొనుక్కుంటూ, మింగుకుంటూ చివరికి ఒక్కటే మిగిలింది. బడి కబుర్లూ, పెళ్ళి పిలుపులూ, ఆసుపత్రి టోకెన్లూ, ఆటో పిలవడమూ అన్నీ అందులోనే. సుఖంగా ఉండేది, అందులో అబద్ధం లేదు. వేలు ఆనిస్తే తలుపు తెరుచుకునేది. పలాస ఆడవాళ్ళకి మాత్రం వేలిముద్రలు అరిగిపోవడంవల్ల తలుపు ఒక్కోసారి తెరుచుకునేది కాదు. అయినా సర్దుకున్నారు.

తర్వాత ఊరి శివార్లో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. పిక్కల్ని నానబెట్టడానికి వాళ్ళేదో కొత్త ద్రావకం వాడారు. ఆడవాళ్ళ చేతులు మణికట్టు దాకా పొక్కులెక్కాయి. దాలమ్మ తన రెండు చేతులూ ఫోటో తీసి ఏకంలో పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. మర్నాడు పొద్దున్నే లేచి చూసుకుంటే ఏ ఒక్కరి ఖాతా లేదు. 'మీ ప్రవర్తన సమాజ ప్రమాణాలకు అనుగుణంగా లేదు' అన్న వాక్యం ఒక్కటే ఉంది.

"ఏ సమాజం?" అని అడిగిందట దాలమ్మ. "మా సమాజంలో నన్నడక్కుండా పెళ్ళిముహూర్తం కూడా పెట్టరే."

ఆ మాట వార్తల్లో చదివి హిరణ్మయి విశాఖపట్నం నుంచి బయలుదేరింది. ఎవరి పెత్తనమూ లేకుండా నడిచే నెట్‌వర్క్ మీద ఆమె ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. అలాంటి నెట్‌వర్క్‌కి ఒక కేంద్రం ఉండదు. వందలకొద్దీ చిన్న చిన్న సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకటి మూసేస్తే మిగతావి నడుస్తాయి. ఎవరో ఒకరు మీట నొక్కి ఊరు ఊరంతటి నోరూ మూసేయడం కుదరదు. సిద్ధాంతం అద్భుతం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ నెట్‌వర్క్ వాడేవాళ్ళు ఎవరయ్యా అంటే దాన్ని రాసినవాళ్ళే. మిగతా జనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి, తిట్టుకుంటూ ఏకంలోకి తిరిగి వెళ్ళిపోయేవారు.

ఈసారి ఈ ఆడవాళ్ళకి తిరిగి వెళ్ళడానికి ఏకం కూడా లేదు.

ఖాళీ హాల్లో కాసేపు నిలబడి హిరణ్మయి కూడా బయటికి నడిచింది. రెండు వీధులవతల జనం మాటలు వినబడితే అటు వెళ్ళింది. హాల్లోంచి లేచి వచ్చినవాళ్ళంతా దాలమ్మ ఇంటి అరుగు మీద ఉన్నారు. అరుగు చాలక మెట్ల మీదా, ఎదురింటి గోడ నీడలోనూ కూర్చున్నారు. ఒకావిడ ఎవరినీ అడక్కుండా లోపలికి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చింది. ఇంకొకావిడ పసిపిల్లని దాలమ్మ మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. 'ఎందుకొచ్చావు' అని దాలమ్మ ఎవరినీ అడగలేదు. హిరణ్మయిని కూడా అడగలేదు. జరిగి చోటిచ్చింది, అంతే.

అక్కడ కూర్చోగానే ఆమెకి తట్టింది. సర్వర్ అంటే ఏమిటి? నలుగురు చేరి మాట్లాడుకునే చోటు. ఏ చోట కూర్చోవాలో తెలియని మనిషి ఉండడు. ఇన్నాళ్ళూ తనలాంటివాళ్ళు ఆ ప్రశ్నని యంత్రం భాషలో అడిగారు.

ఆమె కొత్తగా తయారుచేసిన యంత్రానికి 'అరుగు' అని పేరు పెట్టింది. చూడ్డానికి బెల్లం అచ్చంత పెట్టె. ఇంటి కప్పు మీద చిన్న సోలార్ పలక, దానికో వైరు. పక్కింటి పెట్టెతో, ఎదురింటి పెట్టెతో రేడియో తరంగాల మీద మాట్లాడుతుంది. అవి తమ పక్కవాటితో మాట్లాడతాయి. అలా ఊరు దాటి, ఊళ్ళు దాటి మాట వెళ్ళిపోతుంది. మధ్యలో ఏ కంపెనీ తీగా అక్కర్లేదు.

పెట్టె మొదటిసారి తెరిచినప్పుడు అది సర్వర్ గురించి అడగదు. మామూలు గొంతుతో, "మీరు అడక్కుండా ఎవరింటికి వెళ్తారు?" అంటుంది. మనిషి పేరు చెప్తే చాలు. ఆ పేరున్నవాళ్ళ అరుగు మీద మనకి చోటు దొరుకుతుంది. అక్కడ కూర్చుని మాట్లాడితే, అన్ని అరుగుల మీది వాళ్ళకీ మన మాట వినిపిస్తుంది. అక్కడ నచ్చకపోతే మన సామానూ, మన స్నేహితులూ, మన పాత మాటలూ అన్నీ పట్టుకుని ఇంకో అరుగుకి మారిపోవచ్చు. లేదా మన ఇంటి పెట్టెనే మన అరుగు చేసుకోవచ్చు.

పాస్‌వర్డు లేదు. వేలిముద్ర లేదు. ఫోను పోయినా, పెట్టె పగిలినా, మనల్ని ఎరిగిన ముగ్గురు మన గొంతు విని "ఔను, ఈ మనిషి మాకు తెలుసు" అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ ముగ్గురూ మూడు వేరువేరు ఇళ్ళవాళ్ళయి ఉండాలి. పెట్టె తయారుచేసినవాళ్ళు మాత్రం ఎవరినీ గుర్తుపట్టకూడదు. ఆ నిబంధన హిరణ్మయి పట్టుబట్టి రాసింది. తయారుచేసినవాడి చేతిలో తాళం ఉంటే అదింకో ఏకమే అవుతుందని ఆమె వాదన.

రెండో ప్రయోగం దాలమ్మ అరుగు మీదే జరిగింది. ఈసారి హిరణ్మయి రోడ్డుకవతల నిలబడింది. పెట్టె అడిగిన ప్రశ్నకి తవిటమ్మ విసుక్కుంటూ, "అదేటి పెశ్న? దాలమ్మింటికి" అంది. పెట్టె లోపలి నుంచి పిల్లనగ్రోవి లాంటి చిన్న చప్పుడొచ్చింది. ఫోన్లో దాలమ్మ అరుగు తెరుచుకుంది.

"అయిపోయిందా?" అంది తవిటమ్మ.

"అయిపోయింది" అంది రోడ్డవతల నుంచి హిరణ్మయి.

"మరి మొన్న అంత రచ్చెందుకు చేసేవమ్మా?"

అరుగు పెట్టెలు పలాస దాటి కాశీబుగ్గకీ, అక్కడి నుంచి ఉద్దానం కొబ్బరితోటల్లోకీ పాకిపోయాయి. చేతుల ఫోటోలు మళ్ళీ బయటికొచ్చాయి. ఈసారి తీసేసేవాడు లేడు. ఏకం కంపెనీ ఊరుకుంటుందా? ఆ ప్రాంతానికి అభినవ్ పాత్రో అనే అధికారిని పంపించింది. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం, తీయటి మాట. అతను సంఘం హాల్లో మీటింగు పెట్టి, ఇంట్లో అరుగు పెట్టె ఉన్నవాళ్ళకి ఇకమీదట ఏకం పనిచేయదని చెప్పాడు.

"ఏది కావాలో మీరే తేల్చుకోండి. మేమెవరినీ బలవంతపెట్టం" అన్నాడు.

"తేల్చుకున్నాం" అని దాలమ్మ అక్కడికక్కడే ఫోన్లోంచి ఏకం తీసిపారేసింది. "మీరు పీకేసిన్దాన్ని మళ్ళీ పీకడానికేటుంది గాని, అందరూ సూడాలని తీత్తన్నాను." హాలంతా గొల్లున నవ్వింది. వరసలు వరసలుగా ఫోన్లు బయటికొచ్చాయి. ఆటోవాళ్ళు తీసేశారు. బడి పంతుళ్ళు తీసేశారు. పాత్రో అదే నవ్వుతో నిలబడి చూశాడు.

ఊరంతా ఒక మాట మీద ఉండేసరికి ఫ్యాక్టరీ దిగొచ్చింది. ద్రావకం మార్చింది, మందమైన చేతి తొడుగులిచ్చింది. ఒప్పందం మీద సంఘం తరఫున దాలమ్మ సంతకం చేసింది. ఆ సాయంత్రం హిరణ్మయి పిల్లల మధ్యన కూర్చుని మిఠాయి తిన్నది. ఇన్నేళ్ళ తన పని మీద ఆమెకి మొదటిసారి నమ్మకం కుదిరింది.

కాని యంత్రాలు మనం అనుకున్నట్టే పనిచేస్తాయి. మనుషులు చెయ్యరు.

కొన్ని నెలలకి హిరణ్మయి ఊరి నెట్‌వర్క్ పటం తెరిచింది. ఎవరేం మాట్లాడుకుంటున్నారో ఆమెకి కనబడదు. ఏ అరుగు మీద ఎంతమంది ఉన్నారో మాత్రం చుక్కలుగా కనబడుతుంది. ఆకాశంలో నక్షత్రాల్లా వేలాది చుక్కలు ఉండాలి. అక్కడ ఒక్కటే ఉంది, సూర్యుడంత. చుట్టూ చీకటి.

అది దాలమ్మ అరుగు.

ఊళ్ళో ప్రతి మనిషినీ పెట్టె అడిగిన ప్రశ్న ఒకటే. 'అడక్కుండా ఎవరింటికి వెళ్తారు?' ఫ్యాక్టరీ మీద గెలిచాక ఆ ప్రశ్నకి ఊరంతా ఒకే జవాబు చెప్పింది. మొదట్లో సొంత అరుగులు పెట్టుకున్నవాళ్ళు కూడా మెల్లగా అక్కడికే మారిపోయారు. సొంత అరుగుంటే చాకిరీ ఉంటుంది. బూతులు రాసినవాణ్ణి మందలించాలి. అబద్ధం చెప్పినవాణ్ణి నిలదీయాలి. ఇద్దరు కొట్టుకుంటే విడదీయాలి. ఆ తలనొప్పంతా దాలమ్మ పడుతుంటే, ఫోన్లు నేరుగా ఆవిడ పెట్టెకే అందుతుంటే మనకెందుకని, తమ పెట్టెల్ని ఆవకాయ జాడీల మీద బరువుగా పెట్టుకున్నారు.

హిరణ్మయికి తన తప్పు తెలిసింది. తను పీకేసిన కేంద్రాన్ని తన ప్రశ్నే మళ్ళీ తెచ్చి పాతింది. ఆడవాళ్ళు ఇంటికి చేరే వేళకి దాలమ్మ దగ్గరికి బయల్దేరింది.

అరుగు మీద మునుపటిలా కూర్చున్నవాళ్ళు లేరు. ఇప్పుడు అర్జీలు పెట్టుకునేవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరిదీ ఒకే అర్జీ. రైల్వేగేటు దగ్గర టీకొట్టు నడిపే నీలాచలాన్ని తీసెయ్యాలట. దాలమ్మ ఫ్యాక్టరీతో తొందరపడి రాజీపడిందనీ, తొడుగులు తెచ్చిందిగాని ఆసుపత్రి ఖర్చు అడగడం వదిలేసిందనీ అతను ఆవిడ అరుగు మీదే కూర్చుని రోజూ రాస్తున్నాడు.

"నీ అరుగు మీద కూకుని నిన్నే తిడతాడా? పీకి పారెయ్యి" అంటోంది తవిటమ్మ.

దాలమ్మ లోపలికి వెళ్ళింది. హిరణ్మయి వెనకే వెళ్ళింది. లోపల పాత్రో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టీ తాగుతున్నాడు.

"రండి డాక్టరుగారూ. మీరు ఉంటేనే మంచిది" అని లేచాడతను. "దాలమ్మగారి అరుగుని మేం మూయించాలనుకోవడం లేదు. నిజానికి చాలా మెచ్చుకుంటున్నాం. ఏకంతో కలిపేద్దాం అంటున్నాను. పేరు అరుగే. నడిపేది దాలమ్మగారే. మా మనుషులు చాకిరీ చేసిపెడతారు. ఇదివరకు ఊరంతటినీ ఒప్పించాలంటే మాకు చేత కాలేదు. ఇప్పుడు అమ్మగారు ఒక్కరు 'ఊఁ' అంటే చాలు."

హిరణ్మయి కోపంగా ఏదో అనబోయింది. దాలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"బాబూ, అప్పుడు ఊరునడక్కుండా నన్ను తీసేసేరు. ఇప్పుడు ఊరునడక్కుండా నన్ను పెడతానంటన్నారు. టీ తాగి బయల్దేరండి."

"ఆలోచించుకోండి. తొందరేం లేదు" అన్నాడు పాత్రో. గ్లాసు కింద పెట్టి నవ్వుతూనే వెళ్ళాడు.

దాలమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. ఆవిడ అలా నీరసంగా కూర్చోవడం హిరణ్మయి అంతకుముందు చూడలేదు.

"నీలాచలం రాసిందాన్లో తప్పేటీ నేదమ్మా" అంది. "నాను తొందరపడ్డ మాట నిజమే. అది సదివినప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఇందాక అతని పేరు దాకా నా ఏలు ఎల్లింది. నొక్కితే ఎందుకని అడిగే మనిషి ఊళ్ళో ఒక్కడు నేడు. అందరూ సబాసంటారు. అది తల్సుకుంటే బయమేసి ఏలు తీసేసేను."

హిరణ్మయి ఆవిడ పక్కనే చతికిలబడి పటం చూపించింది. ఆ ఒక్క పెద్ద చుక్కనీ, చుట్టూ ఉన్న చీకటినీ చూపించింది.

"మార్చెయ్యరాదా? ఒక అరుగు మీద ఇంతమందే కూకోవాలని పెట్టరాదా?"

"నేను మార్చలేను. ఎవరి పెట్టె వాళ్ళ చేతుల్లో ఉండాలని నేనే రాశాను. అందరూ ఒప్పుకోవాలి."

"ఒప్పుకోరు. ఆళ్ళకి సుకంగా ఉంది." దాలమ్మ తన పెట్టె వైపు చూసింది. "నా పెట్టె నాదే కదా. నాను మూసేత్తే?"

హిరణ్మయి పటం పక్కన పెట్టింది. "మీ అరుగు తాళం పూర్తిగా చెరిపెయ్యాలి. అప్పుడు దాని మీదున్న వాళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు విడిపోతారు. మాటలూ స్నేహాలూ పోవు, ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. కాని మూలన పడేసిన పెట్టెలు తుడుచుకుని మళ్ళీ కలుపుకునేదాకా ఎవరి మాటా ఎవరికీ అందదు. ఇంకోటి. తాళం చెరిగిపోయాక మీరు కొత్త మనిషి అయిపోతారు. ముగ్గురు గుర్తుపడితేగాని లోపలికి రాలేరు."

దాలమ్మ పెద్దగా నవ్వింది. "నన్నెరగనోళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారేటమ్మా?"

మర్నాడు డప్పు వేయించింది. మూడురోజుల్లో తన అరుగు మూసేస్తున్నానని, ఎవరి పెట్టెలు వాళ్ళు దించి తుడుచుకోమని చాటించింది. ఎవరూ నమ్మలేదు. దాలమ్మ అలిగిందనుకున్నారు. బతిమాలితే మానుతుందనుకుని అరటిపళ్ళు పట్టుకొచ్చారు. గడువు అయ్యేసరికి ఇంటి ముందు వీధి పట్టనంత జనం. దాలమ్మ పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఏకమోళ్ళు మనల్ని గెంటేసినప్పుడు మనకెందుకు కోపమొచ్చింది? ఒక్కడి సేతిలో ఊరి నోరుందని. ఇప్పుడు ఊరి నోరు నా సేతిలో ఉంది. నాను మంచిదాన్నంటారు. రేపు మంచిదాన్నో కాదో నాకే తెల్దు. మొన్న ఒకణ్ణి పీకేద్దామనే అనుకున్నాను. ఎవరరుగు ఆళ్ళు ఊడ్సుకోండి."

"మూసెయ్యడానికి నువ్వెవరివే? నీకా అధికారం ఎవరిచ్చారు?" అని అరిచారెవరో.

"మీరే ఇచ్చేరు. తిరిగి ఇచ్చేత్తన్నాను" అంది దాలమ్మ. పెట్టె వెనక మీట లాగి అలాగే పట్టుకుంది. చిన్న దీపం ఎర్రబడి ఆరిపోయింది. వీధంతా ఫోన్లు ఒక్కసారి కీచుమని మూగబోయాయి.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. దాచిపెడితే కథకి అన్యాయం.

ఊరు మూగగా ఉన్న ఆ రోజుల్లోనే తవిటమ్మ కూతురు గౌరికి నొప్పులొచ్చాయి. అరుగు మీద ఒక మాట వేస్తే నిమిషాల్లో ఆటో వచ్చే రోజులకి ఊరు అలవాటుపడి ఉంది. తవిటమ్మ ఇంటి పెట్టె ఇంకా ఆవకాయ జాడీ మీదే ఉంది. అల్లుడు వీధులన్నీ పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రి ఇంకా దూరముండగానే ఆటోలోనే ప్రసవమైంది. తల్లికి ప్రాణం మీదికొచ్చి, వారం దాకా మంచం దిగలేదు. ఇద్దరూ దక్కారు. దక్కకపోతే ఎలా ఉండేదో తల్చుకోవడానికి హిరణ్మయికి ధైర్యం చాలలేదు.

దాలమ్మ చూడ్డానికి వెళితే తవిటమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"నీ పొగరు నువ్వు సూసుకున్నావు. నా పిల్ల గురించి నీకేటి? ఇంకీ గుమ్మం ఎక్కకు."

దాలమ్మ తెచ్చిన పళ్ళు మెట్టు మీద పెట్టి వచ్చేసింది. దారంతా ఏడుస్తూనే వచ్చిందని తర్వాత హిరణ్మయికి తెలిసింది. హిరణ్మయి వెళ్ళి, ఇప్పుడైనా మళ్ళీ తెరుద్దామా, కొత్త తాళం వేద్దామా అని అడిగింది.

"తప్పు నాదే" అంది దాలమ్మ. "ఇంటింటికీ ఎల్లి పెట్టెలు నానే తుడిసి ఉండాల్సింది. ఆ తప్పు సచ్చేదాకా మొయ్యాల్సిందే. అయినా తెరవను."

మొండితనం అంటే అదీ. ఊరు కూడా తక్కువ తినలేదు. నీ మీద ఆధారపడితే కదా నువ్వు మాకు బుద్ధి చెప్పేది అన్న కసితో జాడీల మీది పెట్టెలు దించింది. తవిటమ్మ అందరికన్నా ముందు సొంత అరుగు పెట్టింది. కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్ళున్న ఇళ్ళన్నిటినీ కలిపి, ఏ పెట్టె ఆగిపోయినా పక్క పెట్టె ఆటోని పిలిచేలా కట్టుకుంది. ఆటోవాళ్ళది ఒక అరుగు. పంతుళ్ళది ఒకటి. నీలాచలం టీకొట్టు అరుగు మీద పొద్దస్తమానం తగువులే. హిరణ్మయి పటంలో చీకట్లోంచి ఒక్కొక్క చుక్కా వెలుగుతూ వచ్చింది. చివరికి చూస్తే కళ్ళు చెదిరేన్ని.

సంఘం ఈసారి ఆసుపత్రి ఖర్చు అడిగింది. పాత్రో ఆయాసపడుతూ, పలాసలో హిరణ్మయి అద్దెకున్న గదికి వచ్చాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"ఫ్యాక్టరీవాళ్ళు మా సాయం అడుగుతున్నారు మేడం. ఒక అరుగువాళ్ళు ఒప్పుకుంటే ఇంకో అరుగువాళ్ళు కాదంటున్నారు. అసలిక్కడ ఎవరితో మాట్లాడాలి?"

"అందరితో" అంది హిరణ్మయి. తలుపు తీసి పట్టుకుంది.

ఊరంతా మాట్లాడుకుంటోంది. ఒక్క దాలమ్మ తప్ప.

ఆవిడ చాలాకాలం పంతం పట్టింది. చివరికి గౌరి బిడ్డకి పేరు పెడుతున్నారని, కబురు అరుగుల మీదే తిరుగుతోందని తెలిసి మెత్తబడింది. ఒక మధ్యాహ్నం హిరణ్మయి గదికి వచ్చి కొత్త పెట్టె ముందు కూర్చుంది.

"మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరు?" అని అడిగింది పెట్టె.

"తవిటమ్మ" అంది దాలమ్మ తడుముకోకుండా.

కాసేపటికి జవాబొచ్చింది. "తవిటమ్మగారు మిమ్మల్ని ఎరగనన్నారు."

దాలమ్మ ఇంకో పేరు చెప్పింది. ఎరగరట. ఇంకోటి. ఎరగరట. కలిసి పిక్కలు కొట్టినవాళ్ళు, ఆవిడ కుండలో నీళ్ళు తాగినవాళ్ళు, ఆవిడ మంచం మీద పిల్లల్ని పడుకోబెట్టినవాళ్ళు, ఎవరూ ఆవిడని ఎరగరు. పెట్టెకి కోపమూ లేదు, జాలీ లేదు. "మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు" అని మర్యాదగా చెప్పింది.

హిరణ్మయి గభాలున తన ఫోను తీసి, "నాకు తెలుసు, ఈవిడ దాలమ్మ" అని దాదాపు అరిచింది.

"క్షమించాలి. తయారుచేసినవారి సాక్ష్యం చెల్లదు" అంది పెట్టె.

తను పట్టుబట్టి రాసిన మాటే. దాన్ని చెరిపే దారి కూడా లేకుండా తనే రాసింది. ఇంత పనికొచ్చే యంత్రం తయారుచేసి, ఒక్క మనిషిని లోపలికి పంపలేకపోయినందుకు హిరణ్మయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాలమ్మ ఆమె భుజం తట్టింది.

"ఊరుకోమ్మా. బాగానే కట్టేవు. నీ మాట కూడా ఇనటం నేదు సూడు."

అంతలో పెట్టె మళ్ళీ మోగింది. కబురు అరుగుల మీద తిరిగి, అడగకుండానే ఎవరో సాక్ష్యం చెప్పడానికి వచ్చారట. గొంతు వినిపించింది. టీకొట్టు నీలాచలం.

"తెలవకేటి? ఆ గొంతు దాలమ్మదే. ఇంత పొగరుమోతు మనిసి ఈ జిల్లాలో ఇంకోతి నేదు. ఫ్యాక్టరీ ఒప్పందం పాడుచేసింది కూడా ఇదే. లోపలికి రానివ్వండి. అడగాల్సినవి నాకింకా ఉన్నాయి."

పెట్టె మీద మూడు దీపాల్లో ఒకటి పచ్చగా వెలిగింది.

దాలమ్మ ఆ దీపాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ కొంగే నడుముకి బిగించి లేచింది.

"ఎక్కడికి?" అంది హిరణ్మయి.

"ఊళ్ళోకి" అంది దాలమ్మ గుమ్మం దాటుతూ. "ఇంకో ఇద్దరితో గట్టిగా తగువు పెట్టుకోవాల."